ఒక గుర్తు ఎక్కువ

ఔలులో ఆ వారం సూర్యుడు
పదిన్నరకొచ్చి రెండింటికే వెళ్ళిపోతున్నాడు,
హాజరుపట్టీలో సంతకం కోసమే వచ్చే గుమాస్తాలా.

ఉత్తరం నూక్ రేవు నుంచి.
చేపల పడవల్లో రేడియోలు బాగుచేస్తుందట, పేరు ఇవలు.
"మీ సిస్టమ్‌లో ఒక తలుపుకి గడియ పడటం లేదు.
ఎలా తోశానో కింద రాశాను.
ఇంకెవరికీ చెప్పలేదు."
అంతే. నమస్కారం కూడా లేదు.

కింద చూస్తే, నా ఫైలు.
పందొమ్మిదేళ్ళ కిందట, పెద్దాడికి పళ్ళొస్తున్న రాత్రుళ్ళు
ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ రాసిన నాలుగు వందల పంక్తులు.
గుమ్మడికాయల దొంగ ఎవరని ఆమె అడగనే లేదు,
నేనే భుజాలు తడుముకున్నాను.

జవాబు చకచకా వచ్చేసింది వేళ్ళకి:
అది లోపం కాదు, మీ వాడకం తప్పు.
అలా ఎవరు తోస్తారు? తోస్తే మాత్రం ఏమొస్తుంది?
ఇంతకీ మీరెవరు?

ఆ చివరి వాక్యం దగ్గర నాకు ఎంత హాయిగా ఉందో
పక్క బల్ల దగ్గర టువోవికి వినబడినట్టుంది.
అరవై ఆరేళ్ళావిడ, మేజోడు మడమ దగ్గర కుట్లు లెక్కపెట్టుకుంటూ
తల ఎత్తకుండానే అంది:
"పంపు తర్మో, పంపు. ముందు ఒకసారి తోసి చూడు."

తోశాను.
పాత లాప్‌టాప్, నెట్ తీగ పీకేసి,
ఆమె చెప్పిన పదకొండు బైట్లు, ఆమె చెప్పిన వరసలో.
కర్సర్ ఒక్క క్షణం తడబడి
నన్ను యజమానిని చేసేసింది.

ఎవరు నువ్వు అని అడగాల్సింది అది.
అది అడగలేదు.
నేను అడగబోయాను,
అడగాల్సిన పనే లేని మనిషిని.

ఏ ఆసుపత్రిలో మందు చుక్కలు లెక్కపెట్టే పెట్టెలోనో
ఏ పట్టాల దగ్గర వాలే గేటులోనో
ఇదే తలుపు ఉంది, ఇలాగే ఓరగా.
కాఫీ చల్లారిపోయింది. తాగేశాను.

రాసింది మొత్తం చెరిపి మళ్ళీ రాశాను:
"మీరు చెప్పింది నిజం. ఇక్కడా తెరుచుకుంది.
మూడు వారాలు ఆగగలరా?
ఆగలేకపోతే ఎన్నాళ్ళో చెప్పండి, అంతలోనే చేస్తాం."
"ఆగుతాను. తుఫాను కదా, పడవలూ ఆగే ఉన్నాయి."

"చిన్నదా?" అని అడగాల్సిన చోట
"చిన్నదా, సమానమా?" అని అడిగాను, అంతే తప్పు.
ఒక గుర్తు ఎక్కువ.
తీసెయ్యడానికి ఒక వేలు చాలు.
"ఇదొక్కటేనా?" అంది టువోవి.

ఇంటి దొంగకి తోబుట్టువులుంటారు.
నాలుగు రోజులు వెతికితే ఇంకో ఏడుగురు దొరికారు,
ఆరుగురు నా చేతివాళ్ళే.
ఏడోదాన్ని చూసి టువోవి
అల్లిక సూదులు పక్కన పెట్టింది,
కళ్ళజోడు తుడిచి మళ్ళీ చూసింది.
"ఇది నాదే" అంది.
నా ఆరింటి గురించి నేనింకా అనలేదు ఆ మాట.
అప్పుడన్నాను.

అతుకులు ముందుగా ఇవలుకే పంపాం.
మూడోది వదులుగా ఉందని తిప్పి పంపింది.
నిజంగానే వదులుగా ఉంది.

విడుదల ముందు రోజు అడిగాను,
మీ పేరు ఎలా వెయ్యమంటారని.
"ఇవలు చాలు. మావాళ్ళు తోలు కుట్టే
నరపు దారాన్ని అలా అంటారు.
వేళ్ళకి కోసుకుంటుంది, జాగ్రత్త."
నవ్విందో లేదో ఉత్తరంలో తెలియదు.

ప్రకటనలో అన్నీ రాశాం:
ఎప్పటి నుంచి ఉందో, ఎవరు చూశారో,
ఇవాళ రాత్రే మీరేం చెయ్యాలో.
పందొమ్మిదేళ్ళు అనే అంకె దగ్గర
నా వేలు కాసేపు ఆగింది. వదిలేశాను, ఉండనీ.

మర్నాడు పొద్దున, పొద్దు ఇంకా రాకముందే,
ఇంకో ఉత్తరం. ఎవరో, ఎక్కడినుంచో.
మొదటి పేరా అంతా తిట్లు,
చేతకాని దద్దమ్మల్లారా అని మొదలు.
రెండో పేరాలో వరస ఉంది, బైట్లు ఉన్నాయి.

రెండో పేరా నుంచి చదివాను.
తీగ పీకి,
తోసి చూశాను.